ముందు ఎడమ చేయి: రాగ్‌టైమ్ పియానో సాధన గురించి

(సెయింట్ లూయిస్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం సభలో, పియానో నేర్పే ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రానివారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఉన్నది ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరుసలో, పెద్దవాళ్ళు వెనక. బాగుంది, అలాగే కూర్చోండి. ఈ రోజు నాకు మీ చెవులకన్నా చేతులు ఎక్కువ కావాలి. కాసేపట్లో అడుగుతాను, అప్పటికి ఫోన్లు పక్కన పెట్టేయండి. వీడియో తీస్తున్న బాబాయిగారూ, మీరు కూడా.

రాగ్‌టైమ్ పియానో నేర్చుకోవడం ఎలా అన్నది నాకు ఇచ్చిన విషయం. జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత తీరికగా వివరిస్తాను. ముందు ఎడమ చేయి నేర్చుకోవాలి. నెమ్మదిగా నేర్చుకోవాలి. అంతే. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళు, పిల్లలే కాదు పెద్దలు కూడా, సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు. కుడి చేతితో పాట పట్టుకుంటారు, అదీ వేగంగా పట్టుకుంటారు. మొదటి వారం ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు, వాట్సాప్‌లో తాతగారికి పంపిస్తారు. ఆ తర్వాత ఎడమ చేయి కలపబోతే మొత్తం కూలిపోతుంది. అప్పుడు "మా వాడికి ఈ సంగీతం పడదండీ" అంటారు. పడకపోవడం ఏమీ లేదు. పునాది వేయకుండా పైఅంతస్తు కట్టారు, అంతే.

ఇది ఏ సంగీతమో రెండు మాటలు చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో, ముఖ్యంగా మనం ఉంటున్న ఈ మిస్సోరీ ప్రాంతంలో, నల్లజాతి సంగీతకారుల చేతుల్లో రూపు కట్టిన పియానో సంగీతం ఇది. బానిసత్వం రద్దయి ఒక తరం గడిచింది. ఆ తరం పిల్లలు పియానో ముందు కూర్చున్నారు. ఇంట్లో విన్న బ్యాంజో తీగవాద్యపు లయలు, నాట్యాల లయలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఊళ్ళో బ్యాండు మేళాలు వాయించే మార్చ్ పాటల, అంటే కవాతు పాటల, నిర్మాణం తెలుసు. రెండూ కలిపారు. ఎడమ చేయి మార్చ్ వాయిస్తుంటే, కుడి చేయి ఆ మార్చ్‌ను ఒప్పుకోనట్టు పక్క నుంచి నడుస్తుంది. 1897లో ఇవి రాగ్ పేరుతో అచ్చు కావడం మొదలైంది. ఆ ఏడాది చివర్లో "హార్లెమ్ రాగ్" అచ్చు వేయించిన టామ్ టర్పిన్ మన ఊరివాడే. మార్కెట్ స్ట్రీట్‌లో ఆయన నడిపిన రోజ్‌బడ్ అనే చోట పియానో వాయించేవాళ్ళంతా చేరేవారు.

మీలో ఎంతమంది డెల్మార్ బులెవార్డ్‌లో 2658 నంబరు ఇల్లు చూశారు? చేతులు ఎత్తండి. ఇంతేనా? ఇండియా నుంచి అత్తగారూ మామగారూ వస్తే ఆర్చ్ ఎక్కిస్తాం, జూకి తీసుకెళ్తాం, అవుట్‌లెట్ మాల్‌కి రెండుసార్లు తీసుకెళ్తాం. రాగ్‌టైమ్ పాటలు రాసినవాళ్ళలో పేరు మోసిన స్కాట్ జోప్లిన్ అద్దెకు ఉన్న ఇల్లు ఇక్కడే ఉంది, అది మాత్రం చూపించం. 1901లో ఆయన మిస్సోరీలోనే ఉన్న సెడాలియా నుంచి సెయింట్ లూయిస్ వచ్చి ఆ ఇంట్లో కొంతకాలం ఉన్నాడు. అప్పట్లో ఆ వీధి పేరు మోర్గాన్ స్ట్రీట్. ఆ రోజుల్లోనే, 1902లో, ఆయన రాసిన "ది ఎంటర్‌టైనర్" అచ్చయింది.

ది ఎంటర్‌టైనర్ తెలియదు అనకండి. పేరు తెలియకపోయినా మీ అందరికీ పాట తెలుసు. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే ఐస్‌క్రీమ్ బండి వాయించేది చాలాచోట్ల అదే. పిల్లలు నవ్వుతున్నారు చూడండి, గుర్తుపట్టారు. ఆ బండి వల్ల ఈ పాటకు జరిగినంత అన్యాయం ఇంకెవరి వల్లా జరగలేదని నా అభిప్రాయం. తీగ తెగిన బొమ్మలా టింగుటింగుమని పరుగెత్తుతుంది. అది విని పెరిగిన పిల్లవాడు పియానో ముందు కూర్చుంటే ఎలా వాయిస్తాడు? అలాగే పరుగెత్తుతాడు.

మరి రాసినాయన ఏమన్నాడు? చాలా పాటల మొదటి పుటలోనే అచ్చు వేయించాడు: ఈ పాటను వేగంగా వాయించకండి, రాగ్‌టైమ్‌ను వేగంగా వాయించడం ఎప్పుడూ సరికాదు అని. ఒక పాట మీద కాదు, పాట తర్వాత పాట మీద. ఎన్నిసార్లు చెప్పినా వినలేదన్నమాట జనం! అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. సెలూన్లలో, అంటే అప్పటి మద్యశాలల్లో, పోటీలు జరిగేవి. ఎవరు వేగంగా వాయిస్తే వాళ్ళు గొప్ప. కాగితపు చుట్ట పెడితే తనంతట తానే వాయించే పియానోలు వచ్చాయి, వాటికి అలుపు లేదు కనుక వేగానికి హద్దు లేదు. వీటి మధ్య ఆయన నెమ్మదిగా, నెమ్మదిగా అని మొత్తుకుంటూనే ఉన్నాడు.

ఎందుకు అంత పట్టుదల? ఇది పెద్దాయన చాదస్తమా? కాదు, దానికి కారణం ఉంది. ఆ కారణం మీకు ఒంటితో తెలియాలి. అందుకే చేతులు అడిగాను. ఇప్పుడు ఇవ్వండి.

సంగీతం క్లాసుకు వెళ్ళే పిల్లలు ఎవరు? మృదంగం నేర్చుకునే బాబు ఎవరో ఉన్నాడు కదా, లే నాన్నా, నువ్వు ఇక్కడికి రా. "తకిట తకిట తక" అను. మళ్ళీ అను. మూడు, మూడు, రెండు. మొత్తం ఎనిమిది మాత్రలు. అందరూ అనండి: తకిట తకిట తక. తకిట తకిట తక. వెనక వరుస వినిపించడం లేదు. తకిట తకిట తక. బాగుంది.

ది ఎంటర్‌టైనర్‌లో నాలుగు బార్ల ఎత్తుగడ అయ్యాక, బార్ అంటే మన ఆవర్తం లాంటిది, అసలు పాట మొదలవుతుంది కదా. డి, డి షార్ప్ అని రెండు చిన్న స్వరాలు. ఆ తర్వాత వచ్చే మొదటి పూర్తి బార్ అచ్చంగా ఇదే: తకిట తకిట తక. కింద ఇ, పైన సి. మళ్ళీ ఇ, సి. మళ్ళీ ఇ, సి. "త" దగ్గర ఇ, "కి" దగ్గర సి, "ట" దగ్గర కొత్తగా ఏమీ కొట్టం, సి ని అలాగే పట్టుకుంటాం. రెండోసారీ అంతే. చివర "తక" లో "త" కి ఇ, "క" కి సి. ఆ చివరి సి ఉందే, దాన్ని వదలకూడదు. బార్ గీత దాటి తర్వాతి బార్‌లోకి సాగాలి. ఈ సంగీతంలో ఉన్న కొంటెతనమంతా ఆ ఒక్క స్వరంలో ఉంది.

ఇప్పుడు తొడల మీద చేతులు పెట్టుకోండి. కుడి చేయి ఇప్పుడు చెప్పినట్టు. ఎడమ చేయి మాత్రం బుద్ధిమంతురాలు, బేసి సంఖ్యల మీదే పడుతుంది: ఒకటి, మూడు, అయిదు, ఏడు. నెమ్మదిగా నాతో లెక్కపెట్టండి. ఒకటి, రెండు చేతులూ. రెండు, కుడి. మూడు, ఎడమ. నాలుగు, కుడి. అయిదు, రెండూ. ఆరు, ఏమీ లేదు. ఏడు, రెండూ. ఎనిమిది, కుడి. మళ్ళీ మొదటి నుంచి. ఇంకా నెమ్మదిగా. ఆరు దగ్గర ఎవరో కొట్టారు. ఆరు దగ్గర ఏమీ లేదండీ! మళ్ళీ చేద్దాం.

ఇప్పుడు రెండు బార్లు చేద్దాం. మొదటి బార్ ఎనిమిది దగ్గర కుడి చేయి పడింది. అది సాగుతోంది, ఎత్తలేదు. తర్వాతి బార్ ఒకటి దగ్గర ఎవరు పడాలి? ఎడమ చేయి ఒక్కటే. కుడి చేయి పడకూడదు. చేయండి. చూశారా, ఎంతమంది కుడి చేతులు పడిపోయాయో! అది సహజం. బార్ మొదలైంది కదా, నేనూ పడాలి అనుకుంటుంది కుడి చేయి. దాన్ని ఆపడమే సాధన.

ఇప్పుడు జోప్లిన్ పట్టుదలకు కారణం చెబుతాను. ఆ "ఒకటి" దగ్గర తాళం పడింది అని వినేవాడికి ఎలా తెలుస్తుంది? కుడి చేయి మౌనంగా ఉంది. ఎడమ చేయి చెబితేనే తెలుస్తుంది. కుడి చేయి తాళం తప్పించుకుని నడవడంలో అందం ఉందంటే, తప్పించుకోవడానికి అక్కడ ఒక తాళం ఉండాలి కదా? ఎడమ చేయి తడబడితే అక్కడ వినిపించేది తప్పు తాళమే. నిలకడగా ఉంటే అదే స్వరాలు సొగసుగా వినిపిస్తాయి. స్వరాలు అవే, మెట్లు అవే. తేడా అంతా ఎడమ చేతిలో ఉంది. వేగం పెంచితే ఏమవుతుంది? ఆ రెండో మాత్రకూ మూడో మాత్రకూ మధ్య ఉన్న ఎడం చెవికి అందదు. కుడి చేయి ముందు పడిందా, ఎడమ చేయి ముందు పడిందా తెలియదు. అంతా కలిసి గలగలమంటుంది. అందుకే ఆయన వద్దన్నాడు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. చేత్తో ఆదితాళం వేస్తూ, దెబ్బ పడ్డాక అర అక్షరం ఆగి పాట ఎత్తుకోవడం మీకు అలవాటే. త్యాగరాజ కృతుల్లో అలాంటి ఎత్తుగడలు ఎన్ని లేవు! చేయి ఒక దారి, గొంతు ఒక దారి. చేయి గొంతును చూసి చలించకూడదు. రాగ్‌టైమ్‌లో ఎడమ చేయి తాళం వేసే చేయి, కుడి చేయి పాడే గొంతు. మా క్లాసులో పాశ్చాత్య సంగీతం మాత్రమే నేర్చుకున్న పిల్లల కంటే, రెండేళ్ళు గాత్రం నేర్చుకుని వచ్చిన పిల్లలు ఈ ఒక్క విషయం త్వరగా పట్టుకుంటారు. మిగతా విషయాల్లో కాదు. గమకం వేద్దామని పియానో మెట్టు మీద వేలు ఊపే పిల్లలు కూడా ఉన్నారు. పియానో ఊగదమ్మా.

1908లో జోప్లిన్ ఒక చిన్న పాఠ్యపుస్తకం వేశాడు, "స్కూల్ ఆఫ్ రాగ్‌టైమ్" అని. అందులో ఉన్నవి ఆరే అభ్యాసాలు. మొదట్లోనే చెబుతాడు, మేలైన రాగ్‌టైమ్ వాయించడం కష్టమేనని, చాలామంది పియానిస్టులకు ఆ సంగతి బాధాకరంగా తెలిసొచ్చిందని. తర్వాత ప్రతి అభ్యాసానికీ పైన ఒక అదనపు వరుస వేశాడు. అది వాయించడానికి కాదు, చూసుకోవడానికి. పై వరుసలో స్వరాలు తాళానికి సరిగ్గా ఉంటాయి. కింద అవే స్వరాలు తాళం తప్పించుకుని ఉంటాయి. ఏ స్వరం ఎంతసేపు పట్టుకోవాలో తెలిసేలా కింది నుంచి పైకి చుక్కల గీతలు గీశాడు. రెండు స్వరాలను కలిపే టై గుర్తు ఉంటుంది కదా, దాన్ని నిక్కచ్చిగా పాటించండి, ప్రతి స్వరానికీ దాని కాలం ఇవ్వండి, ఆ ఊపు దానంతట అదే వస్తుంది అంటాడు. ఊపు దొరికేదాకా నెమ్మదిగా వాయించండి అంటాడు. మనం ఇప్పుడు తొడల మీద కొట్టింది అదే పాఠం. ఆయన గీతలతో చూపించాడు, మనం తకిటతో చేశాం.

ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో కొంచెం చెబుతాను. టెక్సస్, అర్కాన్సా సరిహద్దులో ఉన్న టెక్సార్కానాలో పెరిగాడు. తండ్రి బానిసగా పుట్టినవాడు, ఫిడేలు వాయించేవాడు. తల్లి పాడేది, బ్యాంజో వాయించేది, ఇళ్ళల్లో పని చేసేది. జర్మనీ నుంచి వచ్చిన జూలియస్ వైస్ అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడిలో ఉన్నది గుర్తించి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్పాడు. ఆ రెండూ ఆయనలో ఉన్నాయి. సెలూన్లో పియానో వాయించి బతికాడు. కానీ కాగితం మీద రాసినప్పుడు ప్రతి స్వరం లెక్కగా రాశాడు. చూసి నేర్చుకునే మనకు అది వరం.

1899లో సెడాలియాలో జాన్ స్టార్క్ అనే సంగీత దుకాణదారుడు ఆయన "మేపుల్ లీఫ్ రాగ్" అచ్చు వేశాడు. ప్రతి కాపీకి ఒక సెంటు చొప్పున జోప్లిన్‌కు ఇచ్చేలా ఒప్పందం. ఒక సెంటా అని నవ్వకండి. ఎంతో కొంత చేతిలో పెట్టి పాటను శాశ్వతంగా కొనేసుకునే రోజులవి. నల్లజాతి సంగీతకారుడికి వాటా రాసివ్వడమే అరుదు. ఆ పాట అమ్ముడవుతూనే పోయింది. కొంతకాలానికి ఆ ఆదాయం వల్లే ఆయన సెలూన్లు తగ్గించి రాసుకోవడానికి, పాఠాలు చెప్పడానికి కూర్చోగలిగాడు.

మేపుల్ లీఫ్ పేరు ఎత్తాను కనుక ఇది చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ప్రతి పెద్దాయనకూ మొదట అదే కావాలి. "మేడమ్, అది ఒక్కటి వస్తే చాలు." వద్దండీ. ఏ ఫ్లాట్ మేజర్ శ్రుతి, నాలుగు ఫ్లాట్లు, అంటే నాలుగు స్వరాలు అర మెట్టు దించి వాయించాలి. ఎడమ చేతికి ఆక్టేవ్ దూకుళ్ళు, అంటే ఒకే స్వరాన్ని కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ ఒకేసారి నొక్కుతూ దూకడం. మొదటి భాగంలోనే సగం దగ్గర మైనర్ కార్డు ఒకటి, కార్డు అంటే కలిపి నొక్కే స్వరాల గుంపు, విడివిడి స్వరాలుగా కింది నుంచి పైకి ఎక్కుతుంది. తర్వాత మొదలుపెట్టిన చోటుకే తిరిగి రావాలి. చేతులు అలవాటు పడకముందు దాన్ని పట్టుకుంటే మణికట్టు నొప్పి పుడుతుంది, ఆ నొప్పితో పాటే విసుగూ వస్తుంది. అది రెండో ఏడాది పాట. మొదట ది ఎంటర్‌టైనర్ మొదటి భాగం చాలు, అదీ సి మేజర్‌లో ఉంటుంది. లేదా 1901 నాటి "పీచరీన్ రాగ్" చూడండి. నెమ్మది సంగీతం ఇష్టమైనవాళ్ళకు "సోలేస్" ఉంది, 1909 నాటిది. దానిలో ఎక్కువ భాగం ఎడమ చేయి హబనేరా అనే క్యూబా నాట్య లయలో నడుస్తుంది, దూకుళ్ళు తక్కువ. రాగ్‌టైమ్ అంటే హాస్యపు సంగీతం అనుకునేవాళ్ళకు నేను ముందు సోలేస్ వినిపిస్తాను. విన్నాక ఎవరూ ఐస్‌క్రీమ్ అనరు.

వీటి స్వరలిపి డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు. జోప్లిన్ 1917 ఏప్రిల్ 1న న్యూయార్క్‌లో పోయాడు. ఆయన రచనల మీద కాపీహక్కులు ఎప్పుడో పోయాయి. అసలు ముద్రణల నకళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సులభం చేశామంటూ అమ్మే పుస్తకాల్లో మాత్రం జాగ్రత్త. చాలావాటిలో సులభం చేయడమంటే ఎడమ చేయి తీసేయడమే! ఆ దూకుళ్ళు తీసేసి ఒక్కో బార్‌కు ఒక్కో స్వరం పెడతారు. అప్పుడు నేర్చుకోవాల్సింది ఏం మిగిలింది?

సరే, ఎడమ చేయి. ఎలా సాధన చేయాలి? ఒక్కో బార్‌లో నాలుగు పనులు. కింద బేస్ స్వరం, పైన కార్డు, మళ్ళీ కింద, మళ్ళీ పైన. కింద చిటికెన వేలు, లేదా ఆక్టేవ్ అయితే చిటికెన వేలూ బొటనవేలూ. పైన మూడు వేళ్ళతో కార్డు. దూరం ఎక్కువ, సమయం తక్కువ. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే కార్డు కొట్టాక అక్కడే ఉండిపోతారు. కింది స్వరం వేళ అయ్యేసరికి ఉలిక్కిపడి దూకుతారు. దూకింది తగలదు. నేను చెప్పేది ఇది: కొట్టిన వెంటనే బయలుదేరండి. తర్వాతి మెట్టు మీద ముందే చేరుకుని, నొక్కకుండా తాకి ఉండండి. తాళం వచ్చినప్పుడు నొక్కండి. ప్రయాణం వేగంగా, వాయించడం నెమ్మదిగా. దీన్ని ఒక బార్ మీదే చేయండి. ఒక్క బార్. అది నిద్రలో కూడా వచ్చేదాకా రెండో బార్ వద్దు.

ఇంకో చిన్న విషయం. కళ్ళు ఎటు ఉండాలి? కుడి చేయి వైపు అంటారు పిల్లలు, పాట అక్కడ ఉంది కనుక. కుడి చేయి చాలావరకు ఉన్నచోటే తిరుగుతుంది, చూడక్కర్లేదు. దూరం వెళ్ళేది ఎడమ చేయి. కళ్ళు దానికి ఇవ్వండి. కొన్నాళ్ళకు నల్ల మెట్ల గుంపులు తడుముకుని చిటికెన వేలు తన చోటు తాను పట్టుకుంటుంది. అప్పుడు కళ్ళు కాగితం మీదికి వెళ్ళవచ్చు. బరువు కూడా చూసుకోండి. కింది స్వరం నిండుగా, కార్డు తేలిగ్గా. కొత్తవాళ్ళు కార్డును గట్టిగా కొడతారు, మూడు వేళ్ళు ఉన్నాయి కదా! అలా కొడితే తాళం తిరగబడుతుంది. స్వరాలను సాగదీసే కాలి పెడల్ మొదటి నెలల్లో అసలు ముట్టుకోవద్దు. పెడల్ తొక్కితే తప్పులు కనిపించవు, అందుకే అందరికీ అది ఇష్టం.

మెట్రోనోమ్, అంటే టిక్కుటిక్కుమని తాళం వేసే యంత్రం, పెట్టుకోండి. నిమిషానికి 50 దెబ్బలు, ఒక్కో దెబ్బకు బార్‌లో సగం. "అంత నెమ్మదా, పాటలా లేదు" అంటారు. పాటలా ఉండక్కర్లేదు ఇప్పుడు. ఎడమ చేయి ఒక్కటే వాయిస్తూ తకిట తకిట తక నోటితో అనండి. నోరు కుదిరితే కుడి చేయి కుదురుతుంది. నోరు కుదరకుండా వేళ్ళు కుదరడం నేను చూడలేదు. నోటితో చెప్పగలిగాక, కుడి చేయి కలపండి.

అల్లికను కూడా అర్థం చేసుకోవాలి. పెద్ద పాట కదా, ఎలా గుర్తుంటుంది అని భయపడతారు. మేపుల్ లీఫ్‌నే తీసుకోండి. నాలుగు భాగాలు, ఒక్కోటి 16 బార్లు. మొదటిది రెండుసార్లు, రెండోది రెండుసార్లు, మళ్ళీ మొదటిది ఒకసారి, మూడోది రెండుసార్లు, నాలుగోది రెండుసార్లు. వాయించేది 144 బార్లు. నేర్చుకోవాల్సింది 64. మూడో భాగానికి వచ్చేసరికి శ్రుతి మారుతుంది, మన లెక్కలో మధ్యమాన్ని షడ్జమం చేసుకున్నట్టు. మార్చ్ పాటల్లో ట్రయో అనే భాగం నుంచి వచ్చిన అలవాటు అది. అక్కడ వినేవాడికి కొంచెం ఊపిరి ఆడుతుంది. రెండుసార్లు వచ్చే భాగాన్ని రెండోసారి అచ్చంగా అలాగే వాయించకండి. ఒకసారి నిండుగా, ఒకసారి మెల్లగా. కాగితం మీద అది రాసి ఉండకపోవచ్చు. రాసి లేనిదంతా నిషేధం కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రాసినది రాసినట్టే వాయించాలా, మనం ఏదైనా కలపవచ్చా? జెల్లీ రోల్ మోర్టన్ అని న్యూ ఓర్లీన్స్ పియానిస్టు ఉండేవాడు. 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం అలన్ లోమాక్స్ ఆయన్ను రికార్డు చేశాడు. అందులో ఆయన మేపుల్ లీఫ్‌నే రెండు రకాలుగా వాయించి చూపించాడు. ఒకటి మిస్సోరీవాళ్ళ పద్ధతిలో, ఒకటి తన పద్ధతిలో. రెండూ వినండి. పిల్లలూ, ఇది ఇంటి పని. అదే పాట రాగ్‌టైమ్ నుంచి జాజ్ వైపు ఎలా ఒరిగిందో చెవితో తెలుస్తుంది. జాజ్‌లో మాత్రలు ఊగుతాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. జోప్లిన్ రాగ్‌లో మాత్రలన్నీ సమానం. నేర్చుకునేటప్పుడు సమానంగానే వాయించండి. సమానంగా వాయించడం రానివాడు ఊపుతూ వాయిస్తే అది శైలి అనిపించుకోదు.

మరి జోప్లిన్ స్వయంగా వాయించింది వినవచ్చా? ఆయన గ్రామఫోన్ రికార్డు ఏదీ లేదు. 1916లో ఆయన వాయించగా తయారైన పియానో కాగితపు చుట్టలు కొన్ని ఉన్నాయి. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఆ చుట్టలను తర్వాత దిద్దే అలవాటు కూడా ఉండేది. కాబట్టి వాటిని భక్తితో వినండి గానీ అనుకరించకండి. 1970లో జాషువా రిఫ్కిన్ చేసిన రికార్డు వినండి. తొందర లేదు, కోతి చేష్టలు లేవు, ఒక్కో స్వరం శ్రద్ధగా పలుకుతుంది. చాలామందికి జోప్లిన్‌ను మళ్ళీ గుర్తుచేసింది ఆ రికార్డే. మూడేళ్ళకు "ది స్టింగ్" సినిమా వచ్చి ది ఎంటర్‌టైనర్‌ను ఇంటింటికీ చేర్చింది. అప్పటివరకు ఆయన సమాధి మీద పేరు కూడా లేదు. క్వీన్స్‌లోని సెయింట్ మైకేల్స్ శ్మశానంలో 1974లో రాయి పెట్టారు. 1976లో పులిట్జర్ బహుమతి వారు ప్రత్యేక గౌరవం ఇచ్చారు. పోయి 59 ఏళ్ళు అయ్యాక! "ట్రీమనీషా" అనే తన ఆపెరాను, అంటే సంగీత నాటకాన్ని, వేదిక మీద పూర్తిగా చూడాలని ఆయన చివరి సంవత్సరాలు అరగదీశాడు. 1911లో సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. అది పూర్తి స్థాయిలో రంగస్థలం ఎక్కింది 1972లో, అట్లాంటాలో. దీని గురించి మాట్లాడితే నాకు కోపం వస్తుంది, అందుకే ఇక్కడ ఆపుతాను.

ప్రశ్నలు రాసి ఇచ్చారు, చూద్దాం. "మా ఇంట్లో 61 మెట్ల కీబోర్డు ఉంది, సరిపోతుందా?" కుడి చేతికి సరిపోతుంది, ఎడమ చేతికి కింద చోటు చాలదు. ఈ సంగీతంలో ఏ చేయి ముఖ్యమో ఇంతసేపూ చెప్పాను. 88 మెట్లు ఉన్నది, మెట్టు నొక్కితే కొంచెం బరువు తెలిసేది, పాతదైనా ఫరవాలేదు, చూసుకోండి. అప్పటిదాకా తకిట తొడ మీద వాయించుకోవచ్చు, దానికి ఖర్చు లేదు.

"మా పాప చేతులు చిన్నవి, ఆక్టేవ్ అందదు." అందకపోతే సాగదీయకండి. రెండు స్వరాల్లో ఒకటి వదిలేయండి. ఎడమ చేతిలో కిందిది ఉంచండి, కుడి చేతిలో పైది ఉంచండి. లయ పోదు, వేళ్ళూ పోవు. చేయి పెరిగాక రెండోది తిరిగి పెట్టుకోవచ్చు.

"నాకు 58 ఏళ్ళు, ఇప్పుడు మొదలుపెట్టవచ్చా?" ఎవరండీ ఇది రాసింది? పేరు రాయలేదు. సరే. మొదలుపెట్టండి. పెద్దవాళ్ళకు ఓపిక ఉంటుంది, నెమ్మదిగా వాయించమంటే అవమానంగా భావించరు. మొదటి 16 బార్లు రెండు చేతులతో, నెమ్మదిగా, ఆగకుండా వాయించడానికి రోజుకు అరగంట చొప్పున కొన్ని నెలలు పడుతుంది. రోజూ అరగంట. శనివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా వారం వదిలేస్తే రాదు.

"కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇది అడ్డు రాదా?" మృదంగం బాబునే అడగండి, ఇప్పటికీ తొడ మీద కొడుతూనే ఉన్నాడు. నాన్నా, ఆరు దగ్గర ఆగు. ఆ, అదీ.

ఇక పియానో దగ్గరికి వెళ్దాం. వరుసగా రండి, ముందు పిల్లలు. ఒక్కొక్కరు ఎడమ చేతితో ఒక్క బార్ వాయిస్తారు, కుడి చేయి జేబులో పెట్టుకోండి.